రేవులో దిగేముందు అడిగే మాట

పోయిన నెల ఈ శీర్షికలో బాప్టిస్టు సంఘాల గురించి, అంటే బాప్తిస్మం (క్రైస్తవులు నీళ్లతో ఇచ్చే దీక్ష) నమ్మినవాళ్లకే ఇచ్చే సంఘాల గురించి, రెండు ముక్కలు రాశాను. కోనసీమ నుంచి, మెట్ట నుంచి, కృష్ణ దాటి కూడా ఉత్తరాలొచ్చాయి. అన్నిటికీ చోటు చాలదు, ఆరింటిని ఏరాను. నేను పాస్టర్ని కాను, వేదాంత కళాశాల గుమ్మం తొక్కలేదు. ముప్పై ఏళ్లు కాకినాడలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ అభిమానం నా జవాబుల్లో కనబడుతుంది. దాచుకోను.

ప్రశ్న: బాప్టిస్టు సంఘాన్ని బాప్తిస్మమిచ్చు యోహాను పెట్టాడని, అందుకే అన్ని సంఘాలకన్నా మాదే పాతదని సండేస్కూల్లో చెప్పారు. లూథరన్ అనే వేరే క్రైస్తవ శాఖకి చెందిన నా స్నేహితుడు ఒప్పుకోవడం లేదు. ఎవరిది నిజం? (డిగ్రీ విద్యార్థి, తణుకు)

జవాబు: బాబూ, ఇందులో మీ స్నేహితుడిదే నిజం. పేరు కలిసినంత మాత్రాన వంశం కలవదు. యోహాను యొర్దాను నదిలో బాప్తిస్మమిచ్చిన రోజులకీ, బాప్టిస్టులనే సంఘం పుట్టిన రోజులకీ నడుమ పదహారు వందల ఏళ్లున్నాయి. ఆ మధ్యకాలమంతా మనవాళ్లు రహస్యంగా తరం తర్వాత తరం సాగుతూ వచ్చారని వాదించేవాళ్లున్నారు. నేనూ ఆ గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్లి చూశాను. లంకెలు దొరకలేదు.

అసలు కథ ఇంగ్లండులో మొదలై హాలండులో మలుపు తిరిగింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో సంఘానికి రాజే పెద్ద. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ గుళ్లో బాప్తిస్మం ఇచ్చేసేవారు. అంటే రాజు జాబితాలో ఉన్నవాడల్లా సంఘం జాబితాలోనూ ఉన్నట్టే. ఇది సంఘం కాదు, జనాభా లెక్క అని కొందరు విడిపోయారు. అలా విడిపోయినవాళ్లలో గెయిన్స్‌బరో ఊరి జాన్ స్మిత్ ఒకడు. వేధింపులు తట్టుకోలేక తన మనుషుల్ని వెంటబెట్టుకుని 1608 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డాం చేరాడు. అక్కడ బైబిల్లోని కొత్త నిబంధనను మళ్లీ మళ్లీ చదివి, నమ్మానని తన నోటితో చెప్పినవాడికే బాప్తిస్మం అని తేల్చుకున్నాడు. మరి అలాంటి బాప్తిస్మం తీసుకున్నవాడు తమలో ఒక్కడూ లేడు! ఇచ్చేదెవరు? 1609లో స్మిత్ ముందు తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకున్నాడు, తర్వాత థామస్ హెల్విస్‌కీ మిగిలినవాళ్లకీ ఇచ్చాడు. అప్పటికే హాలండులో మెన్నొనైట్లనే వాళ్లున్నారు. వాళ్లు కూడా విశ్వాసులకే బాప్తిస్మం ఇచ్చేవారు. వాళ్ల పూర్వీకుల తరానికి చెందిన ఫెలిక్స్ మాంట్స్‌ని 1527లో జ్యూరిక్ నగరంవారు ఈ నేరానికే నదిలో ముంచి చంపారు. స్మిత్ చివరికి తన చేత్తో తాను ఇచ్చుకున్నది సరికాదనుకుని మెన్నొనైట్లలో కలవబోయాడు. 1612లో కన్నుమూశాడు.

హెల్విస్ అలా కలవలేదు. పారిపోయి బతకడం తప్పనుకుని పిడికెడు మందితో లండన్‌కి తిరిగొచ్చి, ఊరి గోడల బయట స్పిటల్‌ఫీల్డ్స్‌లో సంఘం పెట్టాడు. ఇంగ్లండు గడ్డమీద మొదటి బాప్టిస్టు సంఘం అదే. 1612లో ఒక పుస్తకం రాసి రాజు జేమ్స్‌కే పంపాడు. రాజు మనిషేగాని దేవుడు కాడు, ప్రజల ఆత్మలమీద ఆయనకు అధికారం లేదు అన్నది దాని సారం. అంతటితో ఆగలేదు. ముస్లింలైనా, యూదులైనా, తప్పుడు బోధలో ఉన్నవాళ్లని మనం అనుకునేవాళ్లైనా సరే, నమ్మకం విషయంలో వాళ్లని శిక్షించే పని ప్రభుత్వానిది కాదన్నాడు. తనవాళ్ల స్వేచ్ఛ కోసం పోరాడినవాళ్లు చరిత్రలో చాలామంది ఉన్నారు. తనతో ఏకీభవించనివాడి స్వేచ్ఛ కోసం 1612లో నోరు తెరిచినవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయన్ని న్యూగేట్ జైల్లో పెట్టారు. 1616 నాటికి అక్కడే పోయాడు.

ఇంకొక్క సంగతి. ఇది చెబితే మన సంఘాల్లో చాలామంది నమ్మరు. స్మిత్, హెల్విస్ నీళ్లలో ముంచలేదు, తలమీద నీళ్లు పోశారు. ముంచడం లండన్‌లోని మరో బాప్టిస్టు శాఖ 1640, 41 ప్రాంతంలో మొదలుపెట్టింది. 1644లో ఏడు సంఘాలవాళ్లు కలిసి రాసుకున్న విశ్వాస ప్రకటనలో పూర్తిగా ముంచాలని రాశారు. చనిపోయి, సమాధై, తిరిగి లేచిన క్రీస్తుతో పాటు ఈ మనిషీ లేస్తున్నాడని చూపడానికి ముంచడంకన్నా మంచి గుర్తు లేదు గనక అదే నిలిచింది. కానీ వరస గమనించారా? ముందు పుట్టింది ప్రశ్న: ‘నువ్వు నమ్ముతున్నావా?’ నీళ్లు ఎన్ని అన్నది ముప్పై ఏళ్ల తర్వాత తేలింది.

ప్రశ్న: నా పుట్టిల్లు బాప్టిస్టు, మెట్టినిల్లు లూథరన్. బాబుకి ఐదో నెల. క్రిస్మస్ లోపల గుళ్లో బాప్తిస్మం ఇప్పించాలని అత్తగారి పట్టు. ఊహ తెలియని బిడ్డకి బాప్తిస్మమేంటని నాన్నగారి కోపం. మావారు ఎటూ మాట్లాడరు. బాబుకి ఏదైనా అయితే బాప్తిస్మం లేకుండా పోయాడన్న మాట పడాలని నాకు భయం. (ఒక సోదరి, మండపేట)

జవాబు: తల్లీ, ముందు ఆ భయం తీసెయ్. బాప్తిస్మం లేని పసిబిడ్డ దేవుడికి దూరమవుతాడని బాప్టిస్టులు నమ్మరు. నీళ్లు రక్షణ తెచ్చిపెట్టవు. రక్షణ పొందినవాడు దాన్ని పదిమంది ముందు ఒప్పుకునే చోటు ఆ నీళ్లు. నీ బాబు నీ ఒళ్లో ఎంత భద్రంగా ఉన్నాడో దేవుడి చేతుల్లోనూ అంతే భద్రంగా ఉన్నాడు.

ఇక మీ అత్తగారిని మూర్ఖురాలనుకోకు. లూథరన్లు చెప్పేదానికి బలముంది. బాప్తిస్మం మనం దేవుడికి చేసే పని కాదు, దేవుడు మనకు చేసే పని అంటారు వాళ్లు. పసివాడు ఏమీ చెయ్యలేడు గనకే కృప అంటే ఏంటో వాడిలోనే బాగా కనబడుతుందంటారు. బైబిల్లో ఫిలిప్పీ ఊరి చెరసాల నాయకుడు ఇంటివాళ్లందరితో కలిసి బాప్తిస్మం పొందాడు, ఆ ఇంట్లో చంటిపిల్లలు లేరని ఎలా అంటారని అడుగుతారు. పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో పిల్లలు తమ నోటితో ఒప్పుకుంటారు కదా అంటారు. మనవాళ్ల జవాబు: ఆ ఇంట్లో అందరికీ వాక్యం చెప్పారనీ, ఇంటివాళ్లంతా సంతోషించారనీ కూడా అక్కడే రాసుంది, పాలు తాగే పిల్లలకు వాక్యం ఎవరు చెబుతారు? ఈ వాదన నాలుగు వందల ఏళ్లుగా తెగలేదు. మీ ఇంటి వరండాలో క్రిస్మస్ లోపల తెగదు.

నేనెందుకు ఈ పక్షాన నిలబడ్డానో చెబుతాను. మా నాన్నగారు కాలువ లస్కరు, కాలువ నీళ్లు చూసుకునే చిన్న ఉద్యోగి. రామచంద్రపురం అవతల లాకుల పక్కనే మా పెంకుటిల్లు. సంఘంలో ఆయన డీకను, అంటే సంఘం పనులు చూసే పెద్ద. నాకు పదకొండో ఏట మా పెద్దమ్మ కూతురు బాప్తిస్మానికి పేరిచ్చింది, దానికి కొత్త తెల్ల ఓణీ కొన్నారు. నేనూ పేరిచ్చేశాను. శనివారం రాత్రి సంఘ సమావేశం. పెట్రోమాక్సు లైటు, చాపలమీద అరవై డెబ్బై మంది. పాస్టరుగారు ‘ఎందుకు తీసుకుంటున్నావమ్మా?’ అనడిగారు. ‘మా నాన్న డీకను కదండీ’ అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాట్లకీ కలుపులకీ వెళ్లే ఒక ముసలమ్మ, అక్షరం ముక్క రాని మనిషి, వెనక నుంచి ‘మీ అయ్య సంగతి మాకు తెల్సే. నీ సంగతేంటో సెప్పు’ అంది. నాకు నోట మాట రాలేదు. ‘పిల్లని ఆగనియ్యండి’ అన్నారు పెద్దలు. చేతులెత్తారు. మా నాన్నగారు కూడా ఎత్తారు.

గట్టుమీద ఇంటికి నడుస్తూ దారంతా ఏడ్చాను. లాంతరు పట్టుకుని ముందు నడుస్తున్న నాన్నగారు వెనక్కి తిరగకుండానే ‘ఆవిడ అడిగింది సబబే’ అన్నారు. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఐదేళ్లు ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.

1969లో, నా పదహారో ఏట, మళ్లీ పేరిచ్చాను. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తే రేవులో పాదం మునిగే నీళ్లు కూడా లేవు. నీళ్లు వదిలి, ఎర్రనీరు వచ్చాక గాని కుదరలేదు. ఈసారీ సమావేశంలో ఆ ముసలమ్మే అడిగింది. మాట్లాడాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను, అది మా సంఘానికి చెప్పుకున్న మాట. ఆదివారం పొద్దున్న రేవులో దిగేటప్పుడు లాకు దిగువన వడి ఎక్కువగా ఉందని నాన్నగారు తాడు పట్టుకుని గట్టుమీద నిలబడ్డారు. తడిసి పైకొచ్చిన నాకు పొడి చీర చుట్టింది ఆ ముసలమ్మే.

మాలాంటి ఇళ్లలో ఆడపిల్లని చదువు గురించీ పెళ్లి గురించీ అడిగి చేసేవాళ్లు తక్కువ. ఆ వయసులో ఒక నిండు సభ నా మాట కోసం ఆగింది. నీ బాబుకి కూడా ఆ రోజు దక్కాలన్నదే నా కోరిక.

అయితే నువ్వు ఇప్పుడు తేల్చుకోవలసింది వేరే ఉంది. ఇవాళ లూథరన్ గుళ్లో బాప్తిస్మం ఇప్పించి, బాబు పెద్దవాడై మీ పుట్టింటి సంఘంలో చేరదామనుకుంటే వాళ్లు ముంచుడు బాప్తిస్మం అడుగుతారు. వాళ్ల లెక్కలో అదే మొదటిది. మీ అత్తగారి లెక్కలో అది రెండోది, ఆవిడ దగ్గరుండి చేయించినదాన్ని కొట్టిపారేసినట్టు. గాయం అప్పుడు పడుతుంది. కాబట్టి బాబు ఏ సంఘంలో పెరుగుతాడో మీ ఆయన్ని కూర్చోబెట్టి ముందు తేల్చు. ‘ఎటూ మాట్లాడను’ అనడం ఇక్కడ కుదరదని గట్టిగా చెప్పు. బాప్టిస్టు సంఘంలో అయితే బిడ్డను ప్రతిష్ఠించే ప్రార్థన చేస్తారు. పాస్టరుగారు ఎత్తుకుని దీవిస్తారు, బిడ్డను విశ్వాసంలో పెంచుతామని తల్లిదండ్రులు మాటిస్తారు, నీళ్లుండవు. దానికి మీ అత్తగారిని పిలిచి, బాబుని ఆవిడ చేతనే పాస్టరుగారికి అందించమను. లూథరన్ సంఘంలోనే పెరగాలని మీ ఇద్దరూ అనుకుంటే, నిండు మనసుతో ఆ గుడికే వెళ్లు, మీ నాన్నగారికి నచ్చజెప్పే పని నువ్వే పెట్టుకో.

ప్రశ్న: కరువులో దొరలు బియ్యం పెట్టి, వేలమందిని ఒక్కరోజులో ముంచేశారట. ఇది మతమా, బేరమా? మీ జవాబు కోసం నిజంగానే అడుగుతున్నాను. (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: నిజంగా అడిగారు, తారీఖులతోనే చెబుతాను. మీరనేది ఒంగోలు సంగతి. అది అమెరికన్ బాప్టిస్టు మిషను. 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతా మనుషులు రాలిపోయారు. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల ముక్కని కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు పని కల్పించాడు. మట్టి మోసినవాడికి కూలి. అది దానం కాదు.

మీ ప్రశ్నకి జవాబు ఆ తర్వాత సంగతిలో ఉంది. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆయన చేతిలో ఇవ్వడానికి ఏమీ మిగలని రోజున కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముంచింది దొర చేతులు కావు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి, అలిసినవాళ్లు గట్టెక్కితే మరో ఇద్దరు దిగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు.

మన గోదావరి జిల్లాల్లో అయితే మొదలుపెట్టింది కూడా తెలుగువాడే. థామస్ గాబ్రియేల్ అనే ఆయన తంతి శాఖలో సర్కారు ఉద్యోగం వదులుకుని కాకినాడలో సువార్త పని ప్రారంభించాడు. చేతిలో డబ్బు చాలక కెనడా బాప్టిస్టులకు కబురు పెట్టించాడు. ఆ పిలుపు మీదనే మిషనరీ జాన్ మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడ వచ్చాడు. కెనడియన్ బాప్టిస్టు మిషను బళ్లూ ఆసుపత్రులూ అన్నీ ఆ తర్వాతివి. కాకినాడలో మెక్‌లారిన్ పేర హైస్కూలు తెలిసినవాళ్లకి గాబ్రియేల్ పేరు తెలియకపోవడం నన్ను బాధపెట్టే విషయం. నా పాఠాల్లో ఆ పేరు చెప్పకుండా ఒక్క ఏడాదీ వదల్లేదు.

ఇక బేరం మాట. ఆకలితో వచ్చినవాళ్లు అసలు లేరని నేను ప్రమాణం చెయ్యను. కానీ ఆలోచించండి. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావిలో చేద వెయ్యనివ్వని కులాలవాళ్లు. వాళ్లకోసం ఎవరో ఒకరు నిర్ణయించడమే గాని, వాళ్లని ఎవరూ ఏదీ అడిగింది లేదు. ‘నువ్వేమంటావు?’ అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగే చోటికి వాళ్లు నడిచి వెళ్లారు. మా ముసలమ్మ తాత ముత్తాతలు అలా నడిచినవాళ్లే. అందుకే ఆ ప్రశ్న ఆవిడకి అంత విలువైనది, పదకొండేళ్ల పిల్లకి కూడా వదిలిపెట్టలేదు.

ప్రశ్న: మేం బ్రదరన్ సహవాసం. మేమూ విశ్వాసులకే, ముంచే ఇస్తాం. మేం బాప్టిస్టులమేనా? (పాలకొల్లు)

జవాబు: కాదండి, దగ్గరి చుట్టాలు. మీవాళ్లు మాకన్నా ముందే డెల్టాకి వచ్చారు. ఇంగ్లండులో డెవన్ నుంచి బౌడెన్, బీర్ కుటుంబాలు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో వచ్చి నరసాపురం, పాలకొల్లుల్లో స్థిరపడ్డాయి. గోదావరి డెల్టా మిషను అంటే వాళ్లదే. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు మీరు. మాకు చాలా సంఘాల్లో నెలకోసారి. మీకు పెద్దలే గాని జీతం తీసుకునే పాస్టరుండడు, మాకుంటాడు. బాప్తిస్మం దగ్గర మాత్రం మీ రేవుకీ మా రేవుకీ తేడా లేదు.

ప్రశ్న: మా సంఘంలో పాస్టరుగారిని ఉంచాలని కొందరు, మార్చాలని కొందరు. బిషప్పు ఉంటే ఒక్క మాటతో తేలేది కదా, బాప్టిస్టులకి ఎందుకు లేరు? (ఒక సంఘ కార్యదర్శి, రావులపాలెం)

జవాబు: లేకపోవడం మరిచిపోయి కాదండి, కావాలని. ఏ ఊరి సంఘం ఆ ఊరి సంఘమే, దానికి తల క్రీస్తు, నడుమ ఇంకో తల అక్కర్లేదన్నది మొదటినుంచీ ఉన్న నమ్మకం. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా కొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు బాప్టిస్టులు అందులో చేరలేదు. సంఘాలు కన్వెన్షనుగానో సమావేశంగానో కూడుకుంటాయి, అది తోడు కోసం. పాస్టరుగారిని పిలిచేదీ పంపేదీ సభ్యులే.

దీనికి ఖరీదు ఉంది, ఒప్పుకుంటాను. మన సంఘాలు ఆస్తుల కోసం కోర్టు మెట్లెక్కాయి, ఒకే కాంపౌండులో రెండు ఆరాధనలు జరిగిన ఊళ్లు నాకు తెలుసు. తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ వేలిముద్ర వేసే మా అమ్మ, కమతం ఉన్న పెద్దమనిషి చెయ్యెత్తినదానికి ఎదురుగా తన చెయ్యెత్తింది కూడా అక్కడే. ఇద్దరివీ ఒక్కో చెయ్యిగానే లెక్కపెట్టారు. మీరు చెయ్యాల్సింది: రెండు ఆదివారాలు ముందుగా ప్రకటించండి, సభ్యుల జాబితా గోడకి అంటించండి, పాస్టరుగారిని తన మాట చెప్పుకోనివ్వండి, తర్వాత చీటీలు వెయ్యండి. చేతులెత్తడం వద్దు, మీ ఊళ్లో మొహమాటం ఎక్కువని మీరే రాశారు.

ప్రశ్న: మా మామ్మగారికి ఎనభై నాలుగు. ఆక్సిజన్ మీద మంచంలో ఉన్నారు. ఇన్నేళ్లూ ఒప్పుకోలేదు, ఇప్పుడు బాప్తిస్మం కావాలంటున్నారు. కాలువకి కాదు గదా, గుళ్లో తొట్టి దాకా కూడా తీసుకెళ్లలేం. ఏం చెయ్యమంటారు? (ఒక మనవరాలు, కడియం)

జవాబు: ఆవిణ్ణి కదిలించొద్దమ్మా. నీళ్లు తగల్లేదని దేవుడు ఆవిణ్ణి వెనక్కి పంపడు. యేసు పక్కన సిలువమీద ఆయన్ని నమ్మిన దొంగకి బాప్తిస్మం ఎవరిచ్చారు? తలమీద కాసిని నీళ్లు పోయడానికి కొందరు పాస్టర్లు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. అది మీ సంఘం తేల్చుకునేది. నీళ్లు కుదిరినా కుదరకపోయినా ఒక పని మాత్రం వదలకండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారితో నలుగురైదుగురు సభ్యులు మీ ఇంటికి రావాలి, అందులో ఆవిడ ఈడు ఆడవాళ్లుండాలి. మంచం చుట్టూ కూర్చోండి. ఎందుకు కావాలనిపించిందో ఆవిణ్ణే అడగండి. ఆయాసం వస్తే ఆగండి, మీరు అందుకుని చెప్పెయ్యకండి. ఆవిడ చెప్పింది ఒకరు కాగితంమీద రాసుకుని, వచ్చే ఆదివారం సంఘంలో చదవండి.